మైకులో అరిగిపోయిన యాస

బస్టాండులో అందరూ ఆమెను మైకమ్మ అంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో ఏళ్ల తరబడి చెబుతున్నది ఆమే. గాజు కిటికీ వెనక అగ్గిపెట్టెంత గదిలో కూర్చుంటుంది కాబట్టి ముఖం చాలామందికి తెలియదు. గొంతు తెలియనివాళ్లు మాత్రం లేరు.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట చివర కాస్త సాగదీసి, పైకి లేపి వదిలేది. ఆమె పుట్టినచోట అందరూ అలాగే మాట్లాడతారు. తమకో యాస ఉందని కూడా వాళ్లకు తెలియదు. ఇక్కడివాళ్లకు మాత్రం అది నవ్వులాట. ప్రయాణికులు పళ్లికిలించారు. డ్రైవర్లు కిటికీ దగ్గరికొచ్చి, "మైకమ్మా, ఇంకోసారి పాడు" అన్నారు. ఆమె మాట విని ఒక్కడైనా వేరే బస్సెక్కాడా, అంటే లేదు! అయినా కంట్రోలరు పిలిచి, "మాట మార్చుకో, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం" అన్నాడు.

పొట్టకూటి కోసం మార్చుకుంది. రేడియోలో వార్తలు చదివేవాళ్లతో పాటు తనూ చదివింది. సాగే మాటనల్లా తెగ్గోసింది. బస్టాండులో నవ్వులు ఆగాయి. సెలవుకు సొంతూళ్లో అక్క ఇంటికి వెళితే అక్కడ మొదలయ్యాయి. "దొరసాని దిగింది చూడండి" అని ఇరుగుపొరుగు మూతులు తిప్పారు. అక్క ఒక్కతే నవ్వలేదు. "నా చెల్లి ఎలా మాట్లాడితే మీకేంటి?" అని వాళ్ల నోళ్లు మూయించింది. పసితనంలోనే తల్లి పోతే, చంకనేసుకుని పెంచి మాటలు నేర్పింది ఆ అక్కే.

మొన్న అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట ఉంది గానీ మనుషుల్ని పోల్చుకోవట్లేదు. నీకోసమే కలవరిస్తోంది. తొందరగా రా."

ఆస్పత్రిలో అక్క మంచానికి అతుక్కుపోయి ఉంది.

"అక్కా, నేను వచ్చాను."

అక్క చూపు ఆమె ముఖమంతా తిరిగింది గానీ ఎక్కడా నిలవలేదు. "ఎవరు మేడమ్ మీరు? డాక్టరమ్మా?"

మైకమ్మ ఇంకాస్త దగ్గరికి వంగింది. పాత మాటను నోట్లోనే కూడబలుక్కుని, చిన్నప్పటిలా చివర సాగదీసి, "అక్కా, నేనే, నీ చెల్లిని" అంది. ఎక్కడో తేడా కొట్టింది. ఆ తేడా ఆమె చెవికే తెలిసింది. ఒకప్పుడు డ్రైవర్లు తనను వెక్కిరించినట్టే ఉంది.

అక్క ముఖం చిన్నబోయింది. "మా మాట మీకు నవ్వులాటగా ఉందా మేడమ్? నా చెల్లిని కూడా ఇలాగే ఏడిపించారు. పిచ్చిది, నాతో చెప్పుకుని ఏడ్చేది."

"అమ్మా, ఈమే పిన్ని" అంది కూతురు.

"చాల్లే ఊరుకో. నా చెల్లి గొంతు నాకు తెలియదా?"

ఆ మాటకు మైకమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకుంది. కాసేపటికి అక్కే మళ్లీ అడిగింది. "నా చెల్లి వస్తుందా మేడమ్?"

మైకమ్మ గొంతు సవరించుకుంది. రోజూ మైకులో చెప్పినట్టే, ఎక్కడా తడబడకుండా చెప్పింది. "మీ చెల్లెలు బయలుదేరిందమ్మా. కొద్దిసేపట్లో వస్తుంది."

అక్క ఆ గొంతును నమ్మింది. దుప్పటిని పట్టుకున్న పిడికిలి వదులైంది.

"తను వచ్చేదాకా మీరు కూర్చుంటారా?"

"కూర్చుంటాను."

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. అక్క తల తలుపు వైపు తిప్పుకుని చెల్లి కోసం చూస్తోంది.