అరచేతి రుమాళ్లు

ఎనభైల్లో విశాఖ ఉక్కునగరంలో మేమిద్దరు టీచర్లం చిన్న నర్సరీ బడి నడిపేవాళ్లం. ఒకటో తరగతికి వెళ్లబోయే పిల్లలకు వేడుక చేయాలనుకున్నాం గానీ చేతిలో డబ్బు లేదు. పూర్ణా మార్కెట్లో తెల్ల రుమాళ్లు కొని, వాటిమీద పిల్లల అరచేతులు రంగుతో అద్దించి, కింద వాళ్ల పేర్లు వాళ్లచేతే రాయించాం. ఇష్టమున్నవాళ్లే కొనుక్కోండని తల్లిదండ్రులకు చెప్పాం.

మొదట వచ్చినాయన ప్లాంటులో కూలీ. కూతురి రుమాలు చాలాసేపు చూశాడు.

"నానింకా ఏలిముద్రే ఏత్తన్నాను టీచరమ్మా. ఇది అప్పుడే పేరు రాసీసిందేటి! ఇంకోటి కూడా ఇయ్యండి, ఊళ్లో మాయమ్మకి అంపుతాను."

రుమాళ్ల డబ్బుతోనే షామియానా, లడ్డూలు వచ్చాయి. వేడుక రోజు ఆ పిల్ల స్టేజీ ఎక్కగానే తండ్రి లేచి నిలబడి, "మా పాపేనండి" అని పక్కవాళ్లందరికీ చెప్పాడు. నాకూ అలాగే చెప్పుకోవాలనిపించింది.