బస్టాపు బల్ల, చింతపండు చేట

ఈ మాటలు సంవత్సరీకం అయ్యాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. కానీ ఆగడానికి లేదు. మా పక్కింటి చిన్నాన్న పోయి ఇంకా నెల కాలేదు. ఆయన రోజూ సాయంత్రం కూర్చునే బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు అప్పుడే చెదిరిపోతున్నారు. వాళ్ళు పూర్తిగా చెదిరిపోకముందే రాయాలి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున్న నేను రోలుగుంట వైపు ఒక ఊళ్ళో, ఎవరింటి అరుగు మీదో కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. అది నా ఉద్యోగం. అమ్మ ఫోన్ చేసింది.

"మీ చిన్నాన్న పోయేడే గుంటా. పళ్ళు తోవుకుంటా తోవుకుంటా వాకిట్లోనే కూలబడిపోయేడు. సోడవరం ఆస్పత్రికి తీసుకెల్లేసరికే అయిపోయిందన్నారు. ఉన్నపలాన వచ్చీ."

షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడ నా మొహం చూసి, "ఎవులు పోయేరమ్మా? సొంతోలా?" అని అడిగింది. మాకు చుట్టరికం లేదు. ఒకే గోడకి అటో ఇల్లు, ఇటో ఇల్లు. అయినా అవునన్నాను.

మాది చోడవరం నుంచి రావికమతం వెళ్ళే దారి మీద ఊరు. మా ఇంట్లో బడి మొహం మొదట చూసింది నేనే. డిగ్రీకి రోజూ అనకాపల్లి వెళ్ళి, చీకటి పడే వేళకి బస్సు దిగేదాన్ని. అమ్మా నాన్నా అప్పటికి చెరుకు చేలోంచి వచ్చేవారు కాదు. నా కోసం ఎదురుచూసే మనిషి ఉండాల్సిన చోట చిన్నాన్న ఉండేవాడు. బస్టాపులో సిమెంటు బల్ల మీద, ఒళ్ళో చేటతో, చింతపండులో పిక్కలు తీస్తూ కనిపించేవాడు. నేను దిగగానే, "వచ్చేవా? సరే, నడు," అని చేట చంకలో పెట్టుకుని ముందు నడిచేవాడు. దారిలో ఏమీ మాట్లాడేవాడు కాదు. మా గుమ్మం దగ్గర మాత్రం, "తలుపేసుకో," అని తన ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు.

చింతపండు పిక్కలు తీయడం మా వైపు ఆడవాళ్ళ పని. మగవాడు, అదీ నలుగురు తిరిగే రోడ్డు పక్కన కూర్చుని చేస్తే ఊరుకుంటారా? ఆటో దిగినవాళ్ళు ఎవరో ఒకరు చురక అంటించేవారు.

"ఏటి బావా, వదిన నీకు వంట కూడా అప్పజెప్పీసిందేటి?"

"అప్పజెప్తే నువ్వు తినగలవేట్రా? ఎల్లెల్లు."

అంతే, మళ్ళీ తల వంచుకుని పిక్కలు తీసుకునేవాడు. చింతపండు రోజులు అయిపోతే వేరుశనగ కాయలు ఒలిచేవాడు. అవీ లేకపోతే ఎవరింట్లోనో రాళ్ళు ఏరాల్సిన పప్పు తెప్పించుకునేవాడు. మా వీధిలో ఆడవాళ్ళందరూ తమ పని ఆయనకి పంపడం మొదలుపెట్టారు. ఎందుకలా కూర్చుంటాడని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఊళ్ళో కొందరు అలా ఉంటారు, అంతే అనుకున్నాను.

చదువయ్యాక నాకు దొరికిన ఉద్యోగం ప్రభుత్వం డబ్బిచ్చి చేయిస్తున్న ఒక అధ్యయనంలో. పేకాట, పందేలు, ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలు మనుషుల్ని ఎలా పట్టుకుంటాయి, పట్టుకోకముందే ఆపడానికి ఊళ్ళో ఏం చేయొచ్చు అన్నది దాని విషయం. విశాఖపట్నం నుంచి ఒక ప్రొఫెసర్ మేడమ్ దాన్ని నడిపిస్తారు. ఊళ్ళు తిరిగి ఇంటింటికీ వెళ్ళి అడగడం నా పని.

అడిగితే ఎవరు చెబుతారు? "మా ఊల్లో అలాటియ్యేటీ నేవు మేడమ్," అని మగవాళ్ళు నవ్వేవారు. ఆడవాళ్ళు మంచినీళ్ళిచ్చి, కాసేపు కూర్చుని, నేను లేచేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఏదో చెప్పబోయి మానేసేవారు. నా ఈడు పిల్ల అలాంటి ప్రశ్నలు పట్టుకుని ఊళ్ళెంట తిరగడం మా చుట్టాలకీ నచ్చలేదు. ఇంటికొస్తే ఆ రోజు సంగతి చెప్పుకోవడానికి మనిషి ఉండేవాడు కాదు. ఒక సాయంత్రం బస్సు దిగి, బల్ల మీద చిన్నాన్న పక్కనే కూలబడ్డాను.

"ఏటే గుంటా, మొకం అలాగెట్టేవు? నీ గవర్నమెంటు నిన్ను ఏటి కనుక్కోమన్నాది?"

చెప్పాను. ఆయన పిక్క తీస్తూనే విన్నాడు.

"ఊరంతా తిరిగేవు. నన్నడగవేటి మరి?"

నా చిన్నప్పుడు ఆయన ఇంటి పట్టున ఉండేవాడు కాదని మాత్రం తెలుసు. ఎందుకో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

తన సంగతి నలుగురికీ చెప్పొచ్చనీ, పేరు మాత్రం వద్దనీ అప్పుడే అన్నాడు. "పేరు రాస్తే మా గుంట అత్తోరింట్లో తల దించుకోవాల." అందుకే ఇక్కడ కూడా పేరు రాయడం లేదు.

చెరుకు కోతల కాలంలో, బళ్ళు చెరుకు తూచే కాటా దగ్గర వరసలో నిలబడినప్పుడు, నీడలో కూర్చుని కాలక్షేపానికి పేకాట మొదలుపెట్టాడట. తరవాత కోతలు లేకపోయినా ఆట ఆగలేదు. పిన్ని మా వైపు ఎవరైనా చేసే పనే చేసింది. ఆయన్ని అమ్మవారి గుడికి తీసుకెళ్ళి, కూతుర్ని ముందు నిలబెట్టి, పిల్ల నెత్తి మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించింది. ఆయన మనసారా పెట్టాడు. కొంతకాలం నిలిచాడు. తరవాత ఏదో పెళ్ళికి వెళ్ళి, విడిదింట్లో చుట్టాల మధ్య ఆటకి కూర్చున్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి పిల్లకి జ్వరం.

"జొరం తగ్గిపోనాది," అన్నాడు చిన్నాన్న. "నాకు తగ్గనేదు. దాని మొకం సూత్తే బయ్యం. ఇంటికెల్లాలంటే బయ్యం. ఇంటికెల్లనోడికి సాయంత్రం పూట కూకోడానికి ఊల్లో ఉన్న సోటు ఏటి? ఆ ఆట కాడే."

మంచి మనసుతో పెట్టించిన ఒట్టు ఆయన్ని ఇంటికి దూరం చేసింది. ఏళ్ళు అలాగే గడిచాయట. ఒక సాయంత్రం ఆటకి వెళ్ళలేక, ఇంటికీ వెళ్ళలేక ఈ బల్ల మీద కూర్చుండిపోయాడు. ఎవరు చెప్పారో, పిన్ని వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. చేతిలో ఉన్న చింతపండు చేట ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది.

"ఏటి సెయ్యాలో తెలక పిక్కలు తీసేను. అయ్యేసరికి ఆట ఏల దాటిపోనాది. మర్నాడూ వచ్చేను. ముక్కలు పట్టిన సెయ్యే ఇది, దీనికి ఏదో ఒకటి కావాల."

అప్పుడు నాకొకటి తట్టింది. "నేను డిగ్రీ చదివేటప్పుడు నాకోసమే కదా కూర్చునేవాడివి?" అని అడిగాను.

ఆయన గట్టిగా నవ్వాడు. "నీకోసమేటే! నాకోసం. నీ బస్సు వచ్చేవరకూ ఓర్చుకుంటే ఆ రోజుకి గట్టెక్కినట్టే. నువ్వు దిగితే నాకు లెగిసెల్లడానికి వంక. నీ బస్సు లేటైన రోజు నా పేణం పోయీదే తల్లీ."

ఇన్నాళ్ళూ నాకు కాపలా ఉన్నాడనుకున్న మనిషికి, నాకు తెలియకుండానే నేనూ కాపలా ఉన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు మరీ ఒంటరిగా అనిపిస్తోంది.

కొన్నాళ్ళకి మా అధ్యయనంలో ఒక కార్యక్రమం అనుకున్నారు. బడి మైదానంలో అందరినీ నిలబెట్టి, చెయ్యి ముందుకు చాపించి, ఇకపై ఆడబోమని ప్రతిజ్ఞ చేయించాలి. ప్రభుత్వ కార్యక్రమాల్లో మామూలుగా చేసేదే. నేను ఉత్సాహంగా వచ్చి చెప్పాను. చిన్నాన్న చేతులు చేటలో ఆగిపోయాయి.

"ఒట్టు ఎట్టించకండే."

"ఒట్టు కాదు చిన్నాన్నా, ప్రతిజ్ఞ."

"ఏదైనా ఒకటే. ఇయాల ఊరందరి ముందూ సెయ్యి సాపినోడు రేపు తప్పితే మరి నీ ఎదట పడడు. ఆడిని నువ్వే తోలీసినట్టు."

ఈ మాట మేడమ్‌కి చెబితే ఆవిడ ఒక సాయంత్రం మా ఊరొచ్చారు. చిన్నాన్న లేచి నిలబడి దండం పెట్టి, ఆవిడ చేతిలోనూ ఇంత చింతపండు పెట్టాడు. ఆవిడ కూర్చుని పిక్కలు తీస్తూ, "మరైతే ఏం చేద్దామంటారు?" అని అడిగారు.

"నాకు తెల్దమ్మా. సాయంత్రం ఏల ఎవులో ఒకలు కూకోవాల. అంతవరకే నాకు తెలుసు."

అది చాలదని ఆవిడ అన్నారు. కొందరికి నిద్ర పట్టదు, ప్రాణం తీసుకుందామనిపిస్తుంది, వాళ్ళకి డాక్టరు కావాలని విడమరిచి చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆ తరవాత ఆటలో చిక్కుకుని నిద్రపట్టని ఒకతన్ని తనే వెంటబెట్టుకుని, నన్నూ రమ్మని, విశాఖపట్నం తీసుకెళ్ళాడు. డాక్టరు దగ్గర బయట బల్ల మీద కూర్చుని, "ఈ బల్ల కూడా మన బల్ల లాటిదేనే," అన్నాడు నాతో. ప్రతిజ్ఞ కార్యక్రమం మేడమ్ మానేశారు. ఆట మానాలనుకునేవాళ్ళు సాయంత్రం వచ్చి కూర్చునే చోటుగా మా బస్టాపు బల్ల అధ్యయనంలో చేరింది.

చేరినా చిన్నాన్న అక్కడ బోర్డు పెట్టనివ్వలేదు. "బోర్డెడితే దాని కింద ఎవుడు కూకుంటాడే?" అనేవాడు. ఆటో నడిపే ఒకతను రావడం మొదలుపెట్టాడు. చోడవరంలో మందుల షాపులో పనిచేసే ఇంకొకతను బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా ఆగేవాడు. అతనిది ఫోన్లో రమ్మీ. చిన్నాన్న అతన్ని చూడగానే, "ఏట్రా బాబూ, ఫోను సార్జింగు అయిపోయిందేటి, మేం గుర్తొచ్చేం?" అనేవాడు.

"అవలేదు మావా, ఇంకా సగం ఉంది. అదే బయ్యం."

"ఐతే ఈ చేట పట్టు. సేతులు కాలీ నేకపోతే అదేటి సేస్తాది?"

ఎవరైనా కొన్నాళ్ళు కనపడక మళ్ళీ వస్తే, ఎక్కడికెళ్ళావని అడిగేవాడు కాదు. కొంచెం జరిగి చోటిచ్చేవాడు. వచ్చినవాడు తనంతట తను చెప్తే వినేవాడు. చెప్పకపోతే చింతపండు పులుపు గురించీ, ఆ ఏడు చెరుకు గురించీ మాట్లాడేవాడు. వాన రోజుల్లో ఎవరూ వచ్చేవారు కాదు. నేను బస్సు దిగేసరికి ఒక్కడే, మోకాళ్ళ మీద గోనెపట్టా కప్పుకుని ఉండేవాడు. "ఇయాల ఎవులూ రానేదే," అనేవాడు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఆయన సాయంత్రాలు ఎంత పొడవుగా ఉండేవో ఆ ఒక్క మాటలో తెలిసేది. ఆట మానేసినవాడికి ఆ ఆటతో పాటు ఉన్న జట్టూ పోతుంది. ఈ సంగతి మా అధ్యయనం తన భాషలో తరవాత రాసుకుంది. నేను మాత్రం వాన పడ్డ సాయంత్రాల్లో కళ్ళారా చూశాను.

ఒక్కటి మాత్రం ఆయన దాటలేకపోయాడు. ఆ జ్వరం తరవాత మళ్ళీ ఎప్పుడూ కూతురి నెత్తి మీద చెయ్యి వేయలేదు. పెళ్ళిలో అందరూ దగ్గరికొచ్చి అక్షింతలు వేస్తుంటే, ఆయన దూరంగా నిలబడి అక్కణ్ణుంచే విసిరాడు. మొహమాటస్థుడని చుట్టాలు నవ్వుకున్నారు.

ఆయన పోయిన రోజు ఆ కూతురు, నేను అక్కా అని పిలిచే మనిషి, గాజువాక నుంచి వచ్చింది. గేటు దగ్గర నుంచి ఏడుస్తూ వచ్చి దగ్గర కూర్చుంది. కప్పిన గుడ్డ తప్పించి, తండ్రి కుడిచెయ్యి తీసుకుంది. వేళ్ళ సందుల్లో చింతపండు మరక ఇంకా ఉంది. ఆ చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుంది. ఆ చెయ్యి తనకి ఎందుకు దూరమైందో అక్కకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. పిన్ని గోడ వైపు తిరిగిపోయింది.

ఇప్పుడు ఆటో అతను మా బస్టాపు దగ్గర ఆపడం లేదు. మందుల షాపు అతన్ని మొన్న చోడవరం బస్టాండులో చూశాను. ఫోన్ మీదకి వంగి ఉన్నాడు, నన్ను చూసి అటు తిరిగిపోయాడు. నేను కొన్ని సాయంత్రాలు ఆ బల్ల మీద కూర్చున్నాను. పలకరించి పోతున్నారు గానీ, పెళ్ళికాని పిల్ల పక్కన కూర్చుని ఎవరు తమ గోడు చెప్పుకుంటారు? అక్కడ ఉండాల్సింది ఆ బాధ పడి బయటికొచ్చిన మనిషి. అధ్యయనం తరవాతి దశలో ఏవి కొనసాగించాలో మేడమ్ ప్రభుత్వానికి చెప్పాల్సిన సమయం వచ్చింది. కూర్చునే మనిషి దొరక్కపోతే మా బల్లని తీసేయక తప్పదని ఆవిడ నాతో బాధగానే అన్నారు.

పిన్ని ఇంకా ప్రతి సాయంత్రం చింతపండు చేట తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆఖరి బస్సు వెళ్ళాక, పిక్కలు పిక్కల్లాగే ఉన్న చేటని మళ్ళీ ఇంట్లోకి పట్టుకెళ్తుంది.

చోడవరం, రావికమతం, రోలుగుంట చుట్టుపక్కల ఇది చదువుతున్నవారిలో, ఆ ఆట నుంచి బయటపడి, సాయంత్రాలు ఎలా గడుస్తాయో తెలిసినవారు ఎవరైనా ఉంటే ఆ బల్ల మీద కూర్చోడానికి రండి. పేరు చెప్పక్కర్లేదు, ఒట్టు పెట్టక్కర్లేదు. వస్తానన్న ఒక్క మాట ఈ పత్రిక వారికి ఈ నెలాఖరు లోగా తెలియజేయండి.