కోటమ్మత్త అనుమానం

ఇప్పుడు విస్సన్నపేట వైపు రోడ్డు వెడల్పు చేసే పనిలో ఉన్నాను. మొన్న పొద్దున్న పొక్లెయిన్ క్యాబిన్‌లో కూర్చుని ఇంకా తాళం తిప్పకముందే గుప్పున అల్లం టీ వాసన వచ్చింది. కిందికి చూస్తే కాంట్రాక్టరు మనిషి, చేతిలో గ్లాసు, మొహం నిండా నవ్వు. "స్పెషల్ టీ అండీ, సారు మీకోసమని పంపారు" అన్నాడు. అల్లం బాగా దంచి వేసినట్టున్నారు, నోరూరింది. కానీ చెయ్యి ముందుకు పోలేదు. "ఊరికే టీ ఎందుకిస్తాడే వాడు?" అని నా చెవి పక్కన ఎవరో అన్నట్టయింది. ఎవరో ఏంటి, మా కోటమ్మత్తే. ఆవిడ పోయి రెండు వానాకాలాలు దాటాయి. అయినా నాకెవరైనా ఏదైనా ఉత్తినే ఇస్తే ముందు ఆవిడ గొంతే లేస్తుంది. గ్లాసు అందుకోకుండా "సారు ఏం చెప్పమన్నారు?" అని అడిగాను. అతను నీళ్ళు నమిలాడు. ఆదివారం కూడా పనిలోకి రావాలట. చూశారా మరి!

కోటమ్మత్త నాకు చుట్టం కాదు. ఆగిరిపల్లి దగ్గర మా ఊళ్ళో, కొండ కింద కూలీల పేటలో, మా పక్కింటావిడ. మామిడి కోతల ముఠాకు మేస్త్రి. కోతల కాలంలో మమ్మల్నందరినీ పోగుచేసి తోటలకు తీసుకెళ్ళి, వ్యాపారితో మాట్లాడి, సాయంత్రానికి ఎవరి కూలి వాళ్ళ చేతిలో పెట్టించే బాధ్యత ఆవిడది. పొట్టి మనిషి, గొంతు మాత్రం తోట ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించేది. ఎవరైనా "బాగున్నావా కోటమ్మా?" అంటే "ఎందుకూ?" అని ఎదురు అడిగేది. ఒకసారి మండుటెండలో వ్యాపారి ఐసు వేసిన మజ్జిగ బిందె పంపాడు. మేం ఎగబడ్డాం. ఆవిడ మాత్రం తన సీసాలో కాగిన నీళ్ళే తాగుతూ, "తాగండమ్మా తాగండి, సాయంత్రం తెలుస్తుంది" అంది. పొద్దు వాలే వేళకు ఇంకో లారీ వచ్చి నిలబడింది. "ఇదొక్కటీ నింపేసి వెళ్దురూ, మీరంతా మనవాళ్ళేగా" అన్నాడు వ్యాపారి. కాదనడానికి మాలో ఒక్కరికీ నోరు రాలేదు. మజ్జిగ తాగని కోటమ్మత్తకే వచ్చింది. ఆవిడ గొడవపెట్టుకుంటేనే ఆ లారీకి వేరే కూలి ఇచ్చాడు.

ఆ రోజుల్లోనే మా వైపు గ్రావెల్‌కు గిరాకీ వచ్చిపడింది. హైవే పనులు, ఇళ్ళ ప్లాట్లు, ఎక్కడ చూసినా ఎర్రమట్టే కావాలి. హనుమాన్ జంక్షన్ దాకా టిప్పర్లే టిప్పర్లు, చెట్ల ఆకులన్నీ ఎర్రదుమ్ము. వల కట్టిన కర్రతో కాయ దెబ్బతినకుండా దింపే కుర్రాళ్ళు ఆ పని వదిలేసి టిప్పర్లెక్కారు. తోటల రైతులు కోతకు మనుషులు దొరక్క కోటమ్మత్త గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. చివరికి మా కొండకే క్వారీ వచ్చింది. ఊరి మీటింగు పెట్టారు. క్వారీ ఓనరు మైకు పట్టుకుని, ఊరు బాగుంటేనే తను బాగుంటానని, కొండ సంపదలో ఊరికీ వాటా ఉంటుందని, రోడ్డు వేయిస్తానని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కోటమ్మత్త లేచింది.

మా వైపు తోట కౌలుకిచ్చే రైతు ఇంటి వాడకానికని ఒక చెట్టు విడిచిపెట్టుకుంటాడు. దాని కాయ జోలికి కౌలుదారు పోడు. కోటమ్మత్త ఆ లెక్కనే మాట్లాడింది. "కొండ తూర్పు ముక్క మీద సీతాఫలాలున్నాయండీ. కోతలూ నాట్లూ అయిపోయాక మా ఆడాళ్ళం అవి కోసి జంక్షన్లో బస్సుల దగ్గర అమ్ముకుంటేనే ఆ నెలలు గడిచేది. ఇంటి చెట్టులాగా ఆ ముక్క మాకు విడిచి మిగతాది తవ్వుకోండి. రెండోది, మా పేటవాళ్ళకి మిషను నేర్పాలి" అంది. "పని తెలిసినవాళ్ళు ఇక్కడ దొరకట్లేదమ్మా, అందుకే వేరే రాష్ట్రాల నుంచి తెచ్చుకుంటున్నా" అన్నాడు ఓనరు. "దొరక్కపోతే తయారు చేసుకోండి" అంది ఈవిడ. ఆయన నవ్వి రెండింటికీ సరేనన్నాడు. కోటమ్మత్త చెబితే మేమంతా ఆ ఒప్పందం కాగితం మీద వేలిముద్రలు వేశాం. ఇంటికొచ్చే దారి పొడుగునా కోటమ్మత్త గొణుగుతూనే ఉంది. "బేరమే ఆడలేదేంటే? అంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఎక్కడో ఏదో వదిలేశాం." ఎంత ఆలోచించినా అదేమిటో ఆవిడకు తట్టలేదు. మాకు ఆలోచించాలనే తోచలేదు.

మిషను నేర్చుకున్న కుర్రాళ్ళు నేర్చుకున్నట్టే ఎక్కువ జీతానికి వేరే క్వారీలకు ఎగిరిపోయారు. ఓనరు తల పట్టుకుంటే కోటమ్మత్త వెళ్ళి, "ఆడమనిషికి నేర్పండి. ఇల్లూ పిల్లలూ ఇక్కడే కదా, ఎక్కడికి పోద్ది?" అని నన్ను చూపించింది. "అత్తా, నేనా? నాకు సైకిలే రాదు!" అన్నాను. "సైకిలైతే పడిపోద్ది, ఇది పడదులే, ఎక్కు" అంది. ఓనరు పగలబడి నవ్వాడు. కానీ మరో ఆపరేటరు చెప్పకుండా వెళ్ళిపోయేసరికి నవ్వు మాని నన్నే పిలిచాడు. అలా ఎక్కాను. పడమటి వైపు టిప్పర్లు నింపే పని నాది, తూర్పున తవ్వకం బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పాత ఆపరేటరుది. మొదటి జీతం రోజున పేటంతా నన్ను చూసి మురిసింది. కోటమ్మత్త కూడా మురిసింది, కానీ ఆ తర్వాత నేను అరుగు దగ్గరికి వస్తుంటే ఆవిడ మాట మధ్యలో ఆపేసేది. ఎందుకో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ వానాకాలం ముసురు విడిచాక ఆడవాళ్ళు గంపలెత్తుకుని కొండకు వెళ్ళారు. వెళ్ళినట్టే తిరిగొచ్చారు. తూర్పు ముక్కను ఓనరు నిజంగానే ముట్టుకోలేదు. దాని చుట్టూ మాత్రం గోడ కోసినట్టు నిలువుగా తవ్వేశారు. రెండంతస్తుల మేడంత ఎత్తున, పైన మా సీతాఫలాలు కళ్ళు విచ్చి పండుతున్నాయి, పిట్టలు తింటున్నాయి. ఎక్కడానికి దారి లేదు. ఆడవాళ్ళకు కడుపు మండిపోయి, వెళ్ళి కోటమ్మత్త మీద పడ్డారు. "నువ్వే కదే మాతో వేలిముద్రలు వేయించావు! పెద్ద మేస్త్రివని నమ్మాం!" అని నోటికొచ్చినట్టు తిట్టారు. ఎవరి మాటా పడని మనిషి ఆ రోజు అన్నీ పడింది. అందరూ వెళ్ళాక నాతో నెమ్మదిగా అంది: "చెట్టు అడిగాను, చెట్టు దగ్గరికి దారి అడగలేదు. తోటలో దారి ఎవరడుగుతారే? ఉంటదిగా." ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

ఆ వారమే పాత ఆపరేటరు ఇంటికని వెళ్ళి మరి రాలేదు. ఇంకెవరో ఎక్కువ ఇస్తామన్నారట. అంత క్వారీకీ ఆపరేటరును నేనొక్కదాన్నే మిగిలాను. "రేపు మిషనెక్కకు" అంది కోటమ్మత్త. "ఉద్యోగం పోద్దత్తా" అన్నాను. "పోదు. నిన్ను తీసేస్తే ఇంకెవరున్నారాయనకి?" అంది. ఇద్దరం వెళ్ళి, ముందు కొండ ముక్కకు దారి వేస్తేనే మిషను కదులుతుందని చెప్పాం. ఓనరు కోప్పడలేదు సరికదా, నొచ్చుకున్నాడు. "అయ్యో, ఇంతేనా? ముందే చెప్పాలి కదమ్మా! దారేంటి, రోడ్డే వేసుకోండి. వాలుగా మట్టి పోసి, బాగా వెడల్పుగా వెయ్యి. ఆటో నేరుగా పైకెళ్ళి గంపలు ఎక్కించుకుంటది. డీజిలు ఖర్చు నాదే" అన్నాడు. ఆ మాట పేటలో చెబితే ఆడవాళ్ళు ఆయనకు దణ్ణాలు పెట్టారు. ఎంత మంచివాణ్ణి అనుమానించాం అని లెంపలేసుకున్నారు. కోటమ్మత్త మాత్రం వక్క నములుతూ కూర్చుంది.

మర్నాడు మట్టి పోయడం మొదలుపెట్టానో లేదో, ఆవిడ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వచ్చి మిషనుకు ఎదురుగా నిలబడింది. "రోడ్డొద్దు. మెట్లు కొట్టు" అంది. "అత్తా, జరుగు, బకెట్టు తగులుద్ది" అని కేకేశాను. జరగలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇంజన్ ఆపి, "మంచి చేసినా అనుమానమేనా నీకు? ఆయనేదో దయతలిచి రోడ్డిస్తుంటే మెట్లంటావేంటి? నా మీదన్నా నమ్మకం లేదా?" అని అరిచేశాను. "లేదే" అంది, అంత తేలిగ్గా. "నీ జీతం ఆయన దగ్గర. అందుకే వచ్చి ఇక్కడ నిలబడ్డా." చెంప మీద కొట్టినట్టయింది. నన్ను మిషనెక్కించిన మనిషే ఆ మాట అంది. ఆవిడ నా మొహం చూసింది కానీ మాట వెనక్కి తీసుకోలేదు. "గంపెత్తుకునే ఆడదానికి అంత వెడల్పెందుకో చెప్పు. నువ్వు రోజూ నింపే బండేదో, అదెంత వెడల్పుంటదో నీకే బాగా తెలుసు."

నేను పోసిన మట్టి వైపు చూశాను. నిజమే, ఆటో కోసం అంత వెడల్పు అక్కర్లేదు. వెడల్పుగా వెయ్యమంటే నా చేతులు వాటంతటవే టిప్పరు పట్టేంత వేశాయి. ఉద్యోగం పోతుందని తెలుసు. పిల్లల ఫీజులు గుర్తొచ్చాయి. అయినా పోసిన మట్టి లాగేశాను. కిందే నిలబడి బకెట్టు పళ్ళతో కొండ గోడకు ఏటవాలుగా మెట్లు కొట్టాను. ఒక్కో మెట్టు మీదా కోటమ్మత్త గంపతో ఎక్కి, అటు తిరిగి ఇటు తిరిగి చూసి, చాలు అనేది. పేట ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఈ పిచ్చిదాని మాట విని రోడ్డు పోగొట్టుకుంటున్నామని గోల పెడుతున్నారు. అప్పుడు ఓనరు కారు వచ్చింది. ఆయన దిగి, పైకి చూసి, మొహం ఎర్రబడిపోయి నా మీదికి వచ్చాడు. "మెట్లేంటి? వెడల్పుగా వెయ్యమన్నానా లేదా? మెట్ల మీద టిప్పరెలా ఎక్కుద్దే, బుద్ధుందా?"

గోల ఆగిపోయింది. అంతసేపూ కోటమ్మత్తను తిడుతున్న ఆడవాళ్ళలో ఒకామె కొంగు సర్దుకుని, మర్యాద తప్పకుండానే అడిగింది: "ఆటో అన్నారు కదండీ?"

ఆయన ఆమె వైపు చూడకుండా, "దిగవే మిషను!" అని నా మీద అరిచాడు. నా ఉద్యోగం అక్కడికక్కడే పోయింది. ఆపరేటర్లకు కరువు కాబట్టి వారం తిరక్కుండా ఇంకో చోట పిలిచారు. ఆయన ఇంకెవరినో తెచ్చాడు కానీ, ఆడవాళ్ళు వంతులేసుకుని ఆ మెట్ల మీద కూర్చున్నారు. చివరికి విసిగి వేరే కొండకు పోయాడు. ఆ ముక్క ఇవాళ్టికి ఉంది. రేపటి సంగతికి నేను పూచీ పడను. కోటమ్మత్త అన్న ఆ "లేదే" మాత్రం చాలాకాలం నన్ను కోసింది. ఆవిడతో మాట్లాడటమే తగ్గించాను. నా మీద ప్రేమ ఉంటే అలా అంటుందా అనుకునేదాన్ని. ఆ రోజు ఆవిడ నన్ను నమ్మి ఇంట్లో కూర్చుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. రోడ్డు వేసేసేదాన్ని. ఆ సంగతి ఆవిడ బతికుండగా ఆవిడతో చెప్పలేకపోయాను.

నిన్న రోడ్డు పక్క మామిడి తోట గట్టు కోస్తున్నాను. తోట రైతు హద్దు దాకా వచ్చి, కాసేపు చూసి, "ఆడకూతురివి, నువ్వు అన్యాయం చెయ్యవులేమ్మా, నీ మీద నమ్మకం ఉంది" అని స్కూటీ ఎక్కబోయాడు. ఇంజన్ ఆపి గబగబా కిందికి దిగాను. "నన్ను నమ్మకండి బాబాయిగారూ" అన్నాను. "నా జీతం కాంట్రాక్టరు దగ్గర. గట్టు కోసినంతసేపూ మీరిక్కడే నిలబడండి." ఆయన నా మొహం కేసి వింతగా చూసి, బండికి స్టాండు వేశాడు.