గోడ తట్టి చూసే బావ

మా బావ ఎవరింటికి వెళ్ళినా ముందు చేతికర్రతో గోడ తట్టి, చెవి పెట్టి విని, తర్వాతే కూర్చునేవాడు. శ్రీరాంపూర్ బొగ్గుబావిలో కప్పు ఊడిపడేలా ఉందేమోనని తట్టి, చప్పుడు విన్నాకే పని మొదలుపెట్టిన అలవాటది. రిటైరయ్యాక మళ్ళీ భూమి లోపలికి దిగేది లేదని అంటుండేవాడు.

కీవ్‌లో డాక్టరు చదువుతున్న ఆయన మనవరాలిని చూడటానికి ఇద్దరం వెళ్ళాం. బంగారు గుమ్మటాల చర్చీలు, రాళ్ళు పరిచిన వీధులు చూపించి, మమ్మల్ని మెట్రో మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది. బావ ఆగిపోయాడు.

"నువ్వు రోజు గిండ్లకు దిగుతవా బిడ్డా?"

"అవు తాతా."

"అయితే పా."

కింద స్టేషన్ పెళ్ళిమంటపంలా ఉంది. వంపు తిరిగిన కప్పు, పాలరాతి స్తంభాలు, దీపాల గుత్తులు. బావ ఒక స్తంభాన్ని తట్టి చెవి ఆనించాడు.

"తాతా, అందరు చూస్తుండ్రు."

"చూడనీ. బాయి మంచిగుంది. ఇంకోటి చూపెట్టు."

ఆ రోజంతా స్టేషన్లే చూశాం.

తర్వాత అక్కడ యుద్ధం వచ్చి బాంబులు పడుతుంటే, పిల్ల బావ మొదట తట్టిన స్టేషన్లోనే తలదాచుకుంది. ఇక్కడ మేమంతా ఏడుస్తుంటే, "గా స్టేషన్ నేను తట్టి చూసిన. ఏం గాదు" అన్నాడు బావ.

ఆమె క్షేమంగా ఇల్లు చేరింది. గుమ్మంలో ఆగి, ముందు గోడ తట్టి, చెవి పెట్టి విన్నది.

"మంచిగుంది తాతా" అని నవ్వుతూ లోపలికి వచ్చింది.