హెల్మెట్‌కు అంటిన మైల

ఈ సాయంత్రం వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాటుకు వచ్చేసరికి నేను సరదాగా కొనుక్కున్న పాత జర్మన్ ఉక్కు హెల్మెట్ పసుపునీళ్ల బకెట్‌లో మునిగి ఉంది. బెజవాడ నుంచి వచ్చిన మా అత్తగారు బ్రష్షు పట్టుకుని పక్కనే కూర్చున్నారు.

"యుద్ధంలో పోయినవాడి టోపీ అంటగా. చంటిపిల్ల తిరిగే ఇంట్లో ఈ మైలేంటి అల్లుడుగారూ?"

"అది రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక చేసిందండీ. పశ్చిమ జర్మనీ బోర్డర్ పోలీసుది. ఆయన ఈపాటికి రిటైరై పెన్షన్ తీసుకుంటూ ఉంటాడు."

"అలాగని ఎక్కడ రాసుంది?"

యుద్ధకాలపు హెల్మెట్లూ ఇవీ పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. లోపలి తోలుపట్టీ మీద సిరాతో వేసిన సంవత్సరం ముద్ర చూసే నేను దీన్ని ఆదివారం సంతలో కొన్నాను. ఆ ముద్ర చూపిద్దామని హెల్మెట్ పైకి తీసి తిరగేశాను. తోలు పచ్చగా, శుభ్రంగా ఉంది. ముద్ర లేదు.

"చూశారా," అన్నారావిడ తృప్తిగా.

నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్న మనిషికి మైల కడిగి, అతను బతికుండొచ్చని చెప్పే ఒక్క ఆధారాన్నీ బకెట్‌లో కలిపేశారు. అత్తగారిని ఏమీ అనలేక, గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి నవ్వుతున్న మా ఆవిడ మీద అరిచాను. ఇప్పుడు ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మీరైతే ఎవరి మీద అరిచేవారో చెప్పండి.