గేటు దగ్గర టైరు చెప్పులు

కోరుట్లలో ట్రక్కు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. నేల కాలుతోంది. వీపున కిట్‌బ్యాగు, భుజాన రైఫిలు, సీసాలో సగం నీళ్లు. నక్సలైట్లను పట్టుకోవడానికి కేంద్రం పంపిన బలగం మాది. ఆడవాళ్లను తనిఖీ చేయడానికి తెలుగు వచ్చిన మహిళా జవాను కావాలన్నారు. అలా మీ అమ్మమ్మ సొంత జిల్లాకే డ్యూటీకి వచ్చింది, నాన్నలూ.

మీ అమ్మను తంగళ్ళపల్లిలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. అప్పటికి దానికి మాటలు సరిగ్గా రావు. రోజూ సిరిసిల్ల బస్సు మా ముందు నుంచే పోయేది. ఎక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. సెలవు లేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసేదాన్ని.

ఆ ఎండల్లోనే ఎక్కడో దూరపు నగరంలో, బజారులో బాంబులు పేలాయి. ఇస్లాం పేరు చెప్పుకునే ముఠా పని అని రేడియోలో వచ్చింది. మసీదు గేటు ముందు ఇసుక బస్తాలు వేసి కాపలా ఉండమని మాకు ఆర్డరు.

మసీదు వెనక ఇమాం గారి ఇల్లు. ఆయన భార్యను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. బీడీలు చుట్టేది. నీళ్లకు వెళ్తే కూర్చోబెట్టి మీ అమ్మ ముచ్చట్లు చెప్పించుకునేది. ఒక గురువారం ఇమాం గారే గడపలోకి వచ్చారు.

"సార్‌కు ఒక మాట చెప్పు బిడ్డ. రేపు జుమ్మా నమాజుల బాంబుల గురించి మాట్లాడేది ఉన్నది. మీ తుపాకులు గేటుకాడ ఉంటే గది తుపాకి చెప్పించిన మాటైతది. జర దూరం జరుగుండ్రి."

మా సెక్షన్ కమాండర్ హర్యానా మనిషి. "ఏం మాట్లాడతాడట?" అన్నాడు.

"ముందే చెప్తే మనం రాసిచ్చినట్టవుతుందట సార్."

నవ్వాడు. "ఏమైనా జరిగితే నా భుజం మీది పట్టీలు పోతాయి," అంటూనే వైర్‌లెస్ అందుకున్నాడు. "పికెట్ టీకొట్టు పక్కకు జరుగుతోంది. ఓవర్."

"కారణం? ఓవర్."

"ఎండ. ఓవర్."

మర్నాడు బస్తాలు మోశాం. రైఫిలు అప్పగించి నేను ఖాలా దగ్గర కూర్చున్నాను. గోడవతల మైకు. అమాయకులను చంపినవాడు మన పేరు దొంగిలించాడని, వాడి కోసం దువాకు ఎత్తే చెయ్యి ఈ మసీదులో లేదని అన్నారాయన. ప్రసంగం నడుస్తుంటే నమాజుకు వచ్చినవాళ్లెవరూ నోరు విప్పకూడదు. ఖాలా చేతిలో బీడీ ఆకు అలాగే ఆగిపోయింది.

నమాజు కాగానే మసీదు వాకిట్లో గొంతులు లేచాయి; ఇద్దరం గోడ మీంచి చూశాం. ముందుది సైకిల్ షాపాయనది. సగం ఉర్దూ, సగం మన తెలుగు.

"మౌల్సాబ్, గా బాంబు నేను పెట్టిన్నా? ఎక్కడేమైనా మనమే జవాబియ్యాల్నా? ఎవలడిగిండ్రు నిన్ను?"

"ఎవ్వలడగలే. గేటు దిక్కు చూడు."

అందరూ తిరిగి చూశారు. గేటు ఖాళీ.

"మనల్నడిగేదాక ఆగితే ఇంకేం మాటది?" అన్నారు ఇమాం.

"గేటు ఖాళీనే. రేపు నా పోరన్ని ఠాణకు పిలిస్తే?"

"నీకన్న ముందు నేనే పోయి బెంచి మీద కూసుంట."

"కూసో. బెంచి అరిగిపోతది నీతోని," అని ఆయన విసురుగా వెళ్లిపోయాడు. సొంతంగా కోసుకున్న టైరు చెప్పులు టపటపలాడాయి.

"చిన్ననాటి దోస్తులు," అంది ఖాలా మెల్లగా. "ఆయన రాకుంటే ఈయనకు బువ్వ పోదు."

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. ఇమాం గారు ఆలస్యంగా, గేటు వైపు చూస్తూ లోపలికి వెళ్లేవారు. నేను బస్సును చూసినట్టే.

అక్కడ మా డ్యూటీ గడువు ముగిసింది శుక్రవారమే. ఖాలా మీ అమ్మకని అటుకుల మూట ఇచ్చింది. ట్రక్కు మసీదు ముందు నుంచి కదిలింది. లోపల నమాజు నడుస్తోంది.

ఇంటికి వెళితే మీ అమ్మ నన్ను గుర్తుపట్టక మా అమ్మ కొంగు వెనక దాక్కుంది. అది నా దగ్గరికి వచ్చేదాకా గడపలో కూర్చున్నాను.

ఇప్పుడు మీరు వచ్చి వెళ్లాక, మీ చెప్పులు లేని గడపలో కూర్చుంటే, ఆ రోజు కదులుతున్న ట్రక్కులోంచి చూసిన గేటే కనిపిస్తుంది. మా బస్తాలు ఉండిన చోట వరసగా చెప్పులు. ఇమాం గారి కుట్లేసిన నల్ల చెప్పులు. వాటికి ఆనుకుని, దుమ్ముతో, టైరు చెప్పులు.