తాత బదులు కావలి

సిద్దిపేటలో గోదాముల అలారాలను కంప్యూటర్ తెరమీద కనిపెట్టి చూసే ఆఫీసులో నాకు పని నేర్పింది మా సీనియర్ అక్క. ప్రతి గోదాములో వాచ్‌మన్ అరగంటకోసారి బటన్ నొక్కితే మా తెరమీద పచ్చ దీపం వెలిగేది. వెలగకపోతే మేం ఫోన్ చేయాలి, ఎత్తకపోతే యజమానికి చెప్పాలి. అక్క మాత్రం ఫోనెత్తిన మనిషిని ముందుగా బటన్ సంగతి అడిగేది కాదు. "తిన్నవా? పానం మంచిగున్నదా?" అనేది.

తెలంగాణ బిల్లు పాసైన మధ్యాహ్నం విత్తనాల గోదాము దీపం వెలగలేదు. అక్కడి వాచ్‌మన్ తాతకు గుండెజబ్బు. అక్క మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

"యజమానికి చెప్దామా అక్కా?" అన్నాను.

"చెప్తే తాత నౌకరి పోతది. నేనే పోయి చూసొస్త. నువ్వు గీడనే కూసో," అని గబగబా మెట్లు దిగింది.

పావుగంటకు దీపం వెలిగింది. నా ప్రాణం కుదుటపడింది. అంతలోనే అక్క ఫోన్ చేసింది. వెనక డప్పుల మోత.

"తాత మంచిగున్నడు. చౌరస్తల ఆడుతుండు."

"మరి బటన్ ఎవరు నొక్కిన్రు?"

"నేనే. గీ దినం కోసం ఎన్నేండ్ల సంది చూస్తుండో. ఆడనియ్యి. గాయన వచ్చేదాంక నేను కూసుంట."

సాయంత్రం దాకా అరగంటకోసారి దీపం తప్పకుండా వెలిగింది. అక్క తిరిగొచ్చేసరికి ఆమె జుట్టు నిండా గులాలు.

"తాత పూసిండు," అని నవ్వుతూ నా కుర్చీ వెనక్కి లాగింది. "ఇగ లే. డప్పులు ఇంక కొడ్తనే ఉన్నరు. తెర నేను చూస్త, నువ్వు పో."

నేను చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తాను.